అవ్వ కోసం వచ్చిన వెదురు బొంగులు

నాకు నెత్తి మీద జుట్టు పోయి బట్టతల వచ్చినా నన్ను 'బాయ్' అనే పిలిచారు. మీసం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకు మీసాలు వచ్చాయి. నేను మాత్రం వార్డ్ బాయ్‌గానే రిటైరయ్యాను. ఇప్పుడు ఆస్పత్రుల్లో పనికి చేరే పిల్లలకు మెడలో పట్టీ, పట్టీకి ఫోటో, ఫోటో కింద నోరు తిరగని ఉద్యోగం పేరు. మా కాలంలో అవేమీ లేవు. "ఒరేయ్" అని కేక వినిపిస్తే అది నా ఉద్యోగమే.

మా మనవరాలు నర్సు చదువు చదువుతోంది. మొన్న వచ్చి, "తాతా, ఆస్పత్రిలో రోగుల్ని బాగా చూసుకుంటున్నారా లేదా అని ఎట్లా అంచనా వేయాలి? పరీక్షకు వస్తుందంట, చెప్పు" అంది. నేను ఐదో క్లాసులోనే బడి మానేసినవాణ్ణి. మాస్టరు నన్ను వదిలించుకున్నాడో, నేను ఆయన్ని వదిలించుకున్నానో ఇప్పటికీ తేలలేదు. అయినా ఈ ప్రశ్నకు జవాబు నేను కళ్ళారా చూశాను. అది మీకు కూడా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పుస్తకంలో ఉండదు. దానికి ఒక గేదె, ఒక బకెట్టు సున్నం, కొన్ని పచ్చి వెదురు బొంగులు కావాలి.

డెబ్బైలలో సంగతి. తమిళనాడు ధర్మపురిలో బస్టాండు వెనక సందులో మా నర్సింగ్ హోమ్. అంతకుముందు అది శెనక్కాయల గోడౌను. వాన పడితే గోడల్లోంచి శెనక్కాయల వాసన వచ్చేది. కాన్పుకు వచ్చిన ఆడవాళ్ళు నొప్పుల మధ్యలో కూడా "వేయించినవి ఉన్నాయా?" అని అడిగేవాళ్ళు. ఎనిమిది మంచాలు. డాక్టరమ్మ మా ఊళ్ళో తెలుగు వ్యాపారుల ఇంటి పిల్ల; మద్రాసులో చదివి వచ్చి సొంతంగా పెట్టుకుంది. మనిషి చిన్నది, గొంతు పెద్దది. ఒక సిస్టరమ్మ, నాగర్కోయిల్ దిక్కు నుంచి వచ్చింది. తెలుగులో ఆమెకు తిట్లు మాత్రమే వచ్చు. అవి మా దగ్గరే నేర్చుకుంది, మాకంటే చక్కగా పలికేది. మూడోవాణ్ణి నేను.

రోగులు వచ్చేవాళ్ళు కానీ ఆస్పత్రి నడిచేంత మంది రాలేదు. అప్పుడు ఊరికి దూరంగా ఒక నూలు మిల్లు కొత్తగా లేచింది. మిల్లులో పనిచేసేవాళ్ళకూ, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకూ వైద్యం కోసం ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌ను ఎంచుకుంటారట. ఎంచడానికి మిలిటరీలో డాక్టరుగా చేసి వచ్చిన ఒక పెద్దాయన్ని పంపుతున్నారట. ఆయన మంచాల కింద కూడా దూరి చూస్తాడని పేరు.

డాక్టరమ్మ మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పింది: "ఆయన సరే అంటే మనం ఉంటాం. కాదంటే నేను ఈ బోర్డు పీకేసి, సేలంలో మా పిన్నమ్మ ఆస్పత్రికి పోతా. మీ దారి మీరు చూసుకోండి."

నాకు సేలంలో పిన్నమ్మ లేదు. నాకు ఉన్నది వెల్లిచందైలో బావమరిది. అతను నేను కనిపించినప్పుడల్లా, "ఏమి బావా, ఊరోళ్ళ ఉచ్చ కుండలు మోసేదానికి బదులు మన చేనులో కలుపు తీయరాదా?" అని అందరి ముందూ అడిగేవాడు. కలుపు తీయడం తప్పుకాదు. అతని ముందు వంగి తీయాలి, అది కష్టం. కాబట్టి ఆ మిలిటరీ డాక్టరు చేతిలో మా ముగ్గురి బతుకూ ఉంది, నాది కాస్త ఎక్కువగా ఉంది.

మూడు పనులు చేశాం. మూడూ మంచి ఉద్దేశంతోనే చేశాం.

మొదటిది సున్నం. గోడలకు నేనే కొట్టాను. మిగిలిన సున్నం పారబోయడం దేనికని బెంచీలకూ కుర్చీలకూ కూడా కొట్టేశాను. చూడడానికి బాగానే ఉన్నాయి. కూర్చోవడానికి బాగుంటాయా అని ఆలోచించలేదు.

రెండోది చుట్టాలు. మా దిక్కు రోగి ఒంటరిగా ఆస్పత్రికి రాడు. ఒకరు మంచం కింద పడుకుంటారు, ఒకరు కాళ్ళ దగ్గర కూర్చుంటారు, ముగ్గురు వరండాలో ఉంటారు, ఒకామె పెరట్లో మూడు రాళ్ళు పెట్టి సంగటి గెలుకుతూ ఉంటుంది. డాక్టరమ్మ అందరినీ ఇళ్ళకు పంపించేసింది. "మద్రాసులో ఇట్లా ఉండదు" అంది. మద్రాసులో ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళం కాదు కాబట్టి ఒప్పుకున్నాం.

మూడోది రొట్టె. బయటి తిండి బంద్. అందరికీ బేకరీ రొట్టె, పాలు. ఇక్కడే మీకు ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మా పల్లెల్లో రొట్టె అంటే తిండి కాదు, కబురు. ఎవరైనా చేతిలో రొట్టె పట్టుకుని వీధిలో పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి "ఎవరికి?" అని అడిగేవాళ్ళు. రాగి సంగటి మింగలేని స్థితికి వచ్చినవాళ్ళకే రొట్టె.

ఆ సంగతి పట్టించుకోకుండా నేను పళ్ళెం పట్టుకుని అవ్వ దగ్గరికి పోయాను.

అవ్వది మహేంద్రమంగళం. నలుగురికీ పెట్టే సంసారం, ముగ్గురు కొడుకులు. కొట్టంలో గేదె తోసేస్తే కాలు విరిగి మా దగ్గర చేరింది. కాలికి పెద్ద కట్టు. మంచం కింద పెద్ద కోడలు. అత్త పైనుంచి సంగటి గట్టిగా ఉందని తిడుతుంది, కోడలు కిందినుంచి పళ్ళు లేనిది నీకు గాని నాకు కాదని జవాబిస్తుంది. ఆ గొడవలో అవ్వ రెండు ముద్దలు తినేసేది. ఇప్పుడు కోడల్ని పంపించేశాం. ముద్ద బదులు రొట్టె.

"ఏమిరా ఇది?" అంది అవ్వ.

"రొట్టె అవ్వా."

"ఎవురికి?"

"నీకే."

అవ్వ పళ్ళెం నా వైపు నెట్టింది. "డాక్టరు ఏమి చెప్పింది? నిజం చెప్పు. ఇంక ఎన్ని దినాలంట?"

"ఐయో, అట్లాంటిది ఏమీ లే అవ్వా. కాలు బాగా అతుక్కుంటా ఉండాది."

"కాలు అతుక్కునేవాళ్ళకి రొట్టె ఎవురు పెడతారు రా? నా మొగునికీ కడాసిలో ఇదే పెట్టినారు. కోడల్ని కూడా పంపించేసినారు. నాకు అర్థమయింది, పో."

గోడవైపు తిరిగి పడుకుంది. అంతే, నోరు తెరవలేదు. మిగతా రోగులు తెలివైనవాళ్ళు. వాళ్ళ రొట్టెలు కిటికీలోంచి ఒక మేకకు పెట్టేశారు. ఆ మేక పూటపూటకూ టైముకు రావడం మొదలుపెట్టింది. మా ఆస్పత్రి తిండి నచ్చిన ప్రాణి అదొక్కటే.

అవ్వ మాత్రం రెండు రోజులు ఏమీ ముట్టలేదు. డాక్టరమ్మ పక్కనే కూర్చుని "ఒక్క వాయి, ఒక్క ముద్ద తిను అవ్వా" అని బతిమాలింది, అరిచింది, మళ్ళీ బతిమాలింది. తెల్లవారితే ఆ పెద్దాయన వస్తాడు. వచ్చి, ఈ ముసలామె ఎందుకు ఎండిపోయిందని అడిగితే ఏం చెప్పాలి? కాలు విరిగి వచ్చిన మనిషిని ఆకలితో పోగొట్టారు అనడూ?

"స్పూనుతో పాలైనా పోయండి" అంది డాక్టరమ్మ ఆ సాయంత్రం.

నేను అవ్వ తల ఎత్తి పట్టుకున్నాను. సిస్టరమ్మ గిన్నెలో పాలు తెచ్చి, ఒక్కొక్క స్పూను పెదవుల మధ్య పోసింది. పాపం ఆమెది వేరే దిక్కు, ఆమెకేం తెలుసు. తెలియాల్సినవాణ్ణి నేను. మా దిక్కు ఎవరైనా పోయే ముందు, ప్రాణం ఉండగానే, అయినవాళ్ళంతా వరుసగా వచ్చి తలా ఒక స్పూను పాలు నోట్లో పోస్తారు. అది చివరి సాగనంపు. నా బుర్ర ఆ పూట సున్నం బకెట్టులోనే ఉండిపోయింది.

అదే సమయానికి గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. అవ్వ ఊరివాడే, పక్క గదిలో కాన్పయిన భార్యను చూసిపోవడానికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. తల వంచాడు. చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. టీ తాగడానికి పోతున్నాడేమో అనుకున్నాను. అంత మర్యాదగా టీకి పోయే మనిషిని అంతకుముందు చూడలేదు.

పోసిన పాలన్నీ అవ్వ సిస్టరమ్మ మీద ఉమ్మేసింది.

పొద్దున పెద్దాయన జీపులో దిగాడు. నిటారుగా ఉన్నాడు, మీసం ఇంకా నిటారుగా ఉంది. రేసుకుక్క మాదిరి సన్నగా ఉంటాడనుకున్నాం గాని తలుపు నిండా ఉన్నాడు. డాక్టరమ్మ కుర్చీ చూపించింది. కూర్చున్నాడు. మాట్లాడాడు. లేచాడు.

ముదురు నీలం ప్యాంటు. వెనక రెండు తెల్లటి వలయాలు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను సిస్టరమ్మ వైపు చూశాను. సిస్టరమ్మ పైకప్పు చూసింది. చెప్పేదెవరు? పరీక్ష చేయడానికి వచ్చినాయనతో "సార్, మీ వెనక" అని మొదలుపెడితే ఆ వాక్యాన్ని ఎట్లా ముగించాలి?

ఆ వలయాలతోనే ఆస్పత్రంతా తిరిగాడు. కిటికీ మీద వేలు రాసి చూశాడు. కడవలో నీళ్ళు తాగి చూశాడు. ఖాళీ మంచం మీద తనే పడుకుని చప్పట్లు కొట్టాడు, ఎవరు ఎంత త్వరగా వస్తారో చూడాలని. నేనూ సిస్టరమ్మా ఒకేసారి పరిగెత్తి గుమ్మంలో ఇరుక్కున్నాం. మా ఇద్దరిలో ఎవరూ లోపలికి రాలేదు. ఇంతలో రొట్టె టైమైంది. మేక కిటికీలోంచి తల పెట్టింది.

"ఇదెవరు?" అన్నాడు పెద్దాయన.

"అవుట్ పేషంటు సార్" అన్నాను.

మీసం కదిలింది. పైకో కిందికో తెలియలేదు. డాక్టరమ్మ నా కాలు తొక్కింది.

చివరికి అవ్వ మంచం దగ్గరికి వచ్చాం. కళ్ళు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కదలకుండా పడుకుని ఉంది. "ఈమె ఏం తింటోంది?" అని అడిగాడు. డాక్టరమ్మ పెదవుల మధ్యే ఏదో గొణిగింది. ఆ గొంతు అంత చిన్నదైపోవడం నేను మొదటిసారి చూశాను. పెద్దాయన మంచం అంచున కూర్చుని అవ్వ మణికట్టు పట్టుకున్నాడు. జేబులోంచి గడియారం తీసి, తల వంచుకుని, నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ పక్క సిస్టరమ్మ, చేతిలో పాల గిన్నె, స్పూను. ఈ పక్క నేను, చేతిలో తువ్వాలు. అందరం గంభీరంగా ఉన్నాం.

సందులో లారీ ఆగింది.

శెనక్కాయ మూటలు మోసే లారీ. అందులోంచి మహేంద్రమంగళం సగం దిగింది. ముగ్గురు కొడుకులు, కోడళ్ళు, మనవలు, ఇరుగుపొరుగు. నిన్నటి తువ్వాలాయన ముందు నడిచి దారి చూపిస్తున్నాడు. లారీ వెనక, పాడె కట్టడానికి అప్పుడే నరికిన పచ్చి వెదురు బొంగులు బయటికి పొడుచుకొచ్చి ఊగుతున్నాయి.

పెద్ద కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం, నాడి పట్టుకున్న పెద్దమనిషి, పాల గిన్నె, అన్నీ ఒక్క చూపులో చూసింది.

"అత్తా! పొమ్మన్నారని పోతినే! నిన్ను ఒంటిగా విడిచి పోతినే!"

పెద్ద కొడుకు ముందుకొచ్చి, "సామీ, ప్రాణం ఉండాదా?" అని అడిగాడు.

పెద్దాయనకు తెలుగు రాదు, మాతో అంతసేపూ తమిళంలోనే మాట్లాడాడు. లెక్క తప్పుతుందని, తల ఎత్తకుండానే, మాట్లాడవద్దన్నట్టు అరచెయ్యి పైకెత్తాడు. ఆ ఊరివాళ్ళకు ఆ చెయ్యికి ఒకటే అర్థం. అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. కాన్పు గదిలో పసిపిల్లలూ అందుకున్నారు. మేక కూడా.

"ఏడ్చేది తరువాత! ముందు పాలు పోయండి!" అని పెద్ద కోడలే అందరినీ అదిలించింది. ఇంటినుంచి ఇత్తడి చెంబు నిండా చిక్కటి పాలు తెచ్చింది. ఏ గేదె తోసి కాలు విరిగిందో ఆ గేదె పాలే. సిస్టరమ్మ చేతిలో స్పూను లాక్కుని పెద్ద కొడుక్కి ఇచ్చింది. అతను పోశాడు. నడిపివాడు పోశాడు. చిన్నవాడు పోశాడు. కోడళ్ళు, మనవలు, చివరికి లారీ డ్రైవరు కూడా, ఇంతదూరం వచ్చాను గదా అని.

డాక్టరమ్మ "ఆపండి" అనబోయి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. అవ్వ గొంతు కదులుతోంది. ఒక్క చుక్క బయటికి రావడం లేదు. ప్రతి స్పూనుకూ గుటక, ఇంకా కావాలన్నట్టు పెదవులు కొంచెం ముందుకు.

"ఆపొద్దురా" అంది నా చెవిలో డాక్టరమ్మ. "తాగనీ. ఇంకొక రౌండు రమ్మని చెప్పు."

నేను "చిన్నపిల్లలు సరిగా పోయలేదు, మళ్ళీ పోయాల" అని అందరినీ రెండోసారి తిప్పాను. చెంబు ఖాళీ అయింది.

అప్పుడు పెద్ద కోడలు స్పూను పెద్దాయన చేతిలో పెట్టింది. తమిళంలో, "మీరూ పోయండి సామీ. కడాసిలో చెయ్యి పట్టుకున్నోళ్ళు మీరే గదా" అంది. ఆయన డాక్టరమ్మను చూశాడు. ఆమె ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. నాకు అందులో 'ప్లీజ్' ఒక్కటే అర్థమైంది, అది చాలాసార్లు వచ్చింది. ఆయన మా గిన్నెలోంచి ఒక స్పూను తీసుకుని, మిలిటరీ పద్ధతిలో వంగి, అవ్వ నోట్లో పోశాడు.

అవ్వ ముఖం ముడుచుకుంది. ఆయన మీసం మీదికి ఉమ్మేసింది.

"థూ! ఇవి ఆస్పత్రి పాలు. నీళ్ళు!"

కళ్ళు తెరిచి చుట్టూ చూసింది.

"ఏమే, లారీ నిండా వచ్చినారు గదా. ఒకరన్నా సంగటి తెచ్చినారా?"

పెద్ద కోడలికి ఏడుపు ఆగి కోపం వచ్చింది. "నువ్వు చచ్చిపోతా ఉండావంటే సంగటి ఎవురు తెస్తారు అత్తా?"

"చచ్చేదానికి ముందు ఆకలి వేయదా?"

పెద్దాయన లేచి, అటు తిరిగి, రుమాలుతో మీసం తుడుచుకుంటున్నాడు. అవ్వ చూపు ఆయన వెనక పడింది. బయటివాళ్ళతో మాట్లాడే తమిళంలో, గట్టిగా, "ఓ నాయనా! ఎనకంతా సున్నం. రెండు దోసెలు పోసినట్టు ఉండాది!" అంది.

ఆయన తల తిప్పి చూసుకోబోయాడు, కనిపించలేదు. మొత్తం తిరిగాడు, వలయాలూ తిరిగాయి. చివరికి చేత్తో తడుముకుని, తెల్లబడిన వేళ్ళు చూసుకున్నాడు.

"పొద్దున్నుంచీ ఉందా?" అని మమ్మల్ని అడిగాడు.

"ఉంది సార్" అన్నాను. డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది.

"మరి ఎవరూ చెప్పలేదే?"

"మీరు మమ్మల్ని చూడడానికి వచ్చినారు సార్. మేము మిమ్మల్ని చూసినట్టు ఉండకూడదని."

ఆయన అవ్వ వైపు తిరిగాడు. "నీకు నేనంటే భయం లేదా?"

"నువ్వేమి చేస్తావు నాయనా? రొట్టె పెడతావా? అది వీళ్ళు పెట్టేసినారు."

మళ్ళీ కూర్చున్నాడు, మంచం మీదే, కుర్చీ మీద కాదు. "ఇక్కడ నిన్ను ఎట్లా చూసుకుంటారు, చెప్పు" అన్నాడు. నాకు బావమరిది చేను కళ్ళ ముందు నిలబడింది.

అవ్వ తీరిగ్గా మొదలుపెట్టింది. "పాలు నీళ్ళు. రొట్టె గడ్డి. కోడల్ని తరిమేసినారు, నాకు పోట్లాడేదానికి మనిషి లే. ఈ నాగర్కోయిల్ పిల్ల దినామూ తల దువ్వుతాది. నొప్పి పుట్టి నేను తిడతా, అదీ తిరిగి తిడతాది, మా భాషలోనే. అయినా దువ్వేది ఆపదు. డాక్టరు పిల్ల రెండు దినాలుగా నా పక్కనే కూర్చుని తిను తిను అంటా ఉండాది. అది తిన్నట్టు మాత్రం లే, మొగం చూడు ఎట్లా పీక్కుపోయిందో."

"మరి ఇతను?"

"వీనివల్ల ఒక ఉపయోగమూ లే. నవ్విస్తాడు. నవ్వితే కాలు నొప్పి."

"ఇంత కష్టంగా ఉంటే సేలం పెద్దాస్పత్రికి పంపమంటావా?"

"ఎందుకు? అక్కడ నేను తిడితే పడేవాళ్ళు ఎవురుండారు?"

పెద్దాయనకు ఆ జవాబు చాలింది. జీపు దగ్గర డాక్టరమ్మతో, "చుట్టాల్ని లోపలికి రానీ అమ్మా. రొట్టె ఆపు. పాలవాణ్ణి మార్చు. కుర్చీలకు సున్నం కొట్టినవాడెవడో వాణ్ణి మళ్ళీ కుర్చీల జోలికి పోనీకు" అన్నాడు.

"అంటే సార్..." అంది డాక్టరమ్మ.

"అంటే వచ్చే వారం మా మిల్లు నుంచి ఇద్దరు కాన్పుకు వస్తారు. మంచాలు ఉంచు." సీటు మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు.

సిస్టరమ్మ సంతోషం పట్టలేక నన్ను అచ్చ తెలుగులో తిట్టింది.

పెద్ద కోడలు పెరట్లో మూడు రాళ్ళు పెట్టి సంగటి గెలికింది. గట్టిగా ఉందని అవ్వ తిట్టింది. డాక్టరమ్మ కూడా అక్కడే కూర్చుని ముద్ద మింగింది. ఆ చిన్న మనిషి మూడు ముద్దలు తింటుందని ఎవరమూ అనుకోలేదు.

సాయంత్రం లారీ కదలబోతే పెద్ద కొడుకు బొంగుల దగ్గర ఆగిపోయాడు. పాడె కోసం నరికినవాటిని తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. రోడ్డు మీద పారేయనూ కూడదు. "ఏమి చేసేదమ్మా వీటిని?" అని లోపలికి కేకేశాడు.

"నావే గదా. ఈడనే పెట్టి పో" అంది అవ్వ.

పెరట్లో రెండు నిలువుగా పాతి, రెండు అడ్డంగా కట్టాం. పసిపిల్లల గుడ్డలు ఆరేయడానికి అంత మంచి దండెం ధర్మపురిలో ఇంకెక్కడా ఉండేది కాదు. ఆ ఏళ్ళలో మా దగ్గర పుట్టినవాళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. మీ మొదటి గుడ్డలు ఆరింది దేని మీదో మీ అమ్మలకు తెలియదు. గుడ్డలు మాత్రం బాగా ఆరాయి.

అవ్వ కాలు అతుక్కుంది. ఆ ఇంట్లో ఎవరికి కాన్పు వచ్చినా మా దగ్గరికే తెచ్చేవాళ్ళు, వెంట కర్ర పొడుచుకుంటూ అవ్వ వచ్చేది. బిడ్డను చూడడం తరువాత. ముందు నేరుగా పెరట్లోకి పోయి, గుడ్డలు పక్కకు జరిపి, బొంగును రెండు చేతులా పట్టుకుని ఊపి చూసేది.

"ఏమిరా, నావి ఎట్లుండాయి?"

"గట్టిగానే ఉండాయి అవ్వా. చెదలు పట్టలే."

"సరి అయితే. ఉండనీ," అనేది, గుడ్డలు మళ్ళీ సర్దుతూ. "నాకేమి తొందర లే."